కాగిన తోలు, కదిలే గాలి

కాగని డప్పు మీద ఎవరూ దరువు వేయరు. తొర్రూరు చౌరస్తాలో బోనాలు కదలబోతున్నా, ఫంక్షన్ హాలు ముందు పెళ్ళికొడుకు కారు దిగబోతున్నా, డప్పు కళాకారులు ముందు చేసే పని మంట పెట్టుకోవడం. గుప్పెడు వరిగడ్డి, నాలుగు ఎండు తాటాకులు, అవీ దొరక్కపోతే కిరాణా కొట్టు ముందు పడి ఉన్న అట్టపెట్టెలు. మంట లేవగానే డప్పు ముఖాన్ని దానికి చూపి, గుండ్రంగా తిప్పుతూ, మధ్యమధ్య వేలితో ఒక తట్టు తట్టి, చెవి ఒగ్గి, మళ్ళీ తిప్పుతారు. చూసేవాళ్లకు ఇది మేళం మొదలయ్యే ముందు కాలక్షేపంలా అనిపిస్తుంది. నిజానికి ఆ రోజు వాద్యంలో సగం పని అక్కడే అయిపోతుంది. ఆ మంట తోలులోని నీటిని వెళ్లగొడుతోంది. ఆ తరువాత పుల్లలు చేసే పని తోలు చుట్టూ ఉన్న గాలిని కదిలించడం. నీరూ గాలీ రెండూ భౌతికశాస్త్రం లెక్కలో ప్రవాహులే. ఒకదాన్ని వదిలించుకుంటూ, రెండోదాన్ని ఊపుతూ సాగే విద్య డప్పు.

తొర్రూరు వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే జాతీయ రహదారి మీద, వర్ధన్నపేట, రాయపర్తి దాటాక వస్తుంది. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. ఈ తట్టున డప్పు లేని సందర్భాన్ని వెతుక్కోవాలి. ముత్యాలమ్మ బోనం, బొడ్రాయి పండుగ, కాముని పండుగ, పెళ్ళి, చావు, పార్టీ ర్యాలీ, అన్నిటికీ డప్పే. పీర్ల పండుగకైతే వేరే మంట కూడా అక్కర్లేదు, అలాయి గుండం ఉండనే ఉంటుంది. ఒక్కో సందర్భానికి ఒక్కో దెబ్బ. చావు దెబ్బ పెళ్ళిలో పొరపాటున కూడా పడకూడదు. పొలంలో కలుపు తీస్తున్న మనిషి తల ఎత్తకుండానే, దెబ్బను బట్టి ఊళ్లో ఏం జరుగుతోందో చెప్పేయగలదు. దెబ్బల వరుసలు, వాటితో వేసే అడుగులు పెద్ద విషయం, దానికి వేరే వ్యాసం కావాలి. ఇక్కడ చెప్పదలచుకున్నది వాటికన్నా ముందుండే సంగతి: ఆ తోలు అసలు ఎట్లా పలుకుతుంది, పలికించేవాళ్లకు ఏమేం తెలిసి ఉండాలి.

చూడ్డానికి డప్పులో ఏమీ లేదు. 15 నుంచి 18 అంగుళాల వెడల్పున్న వలయం, దానికి ఒక పక్క తోలు, రెండో పక్క ఖాళీ. వలయం వేపలాంటి గట్టి చెక్కది, ఈ మధ్య ఇనుముదీ వస్తోంది. తోలు ఎక్కువగా మేకది. వెంట్రుకలు తీసి నానబెట్టిన తోలును తడి మీదే వలయానికి ఎక్కిస్తారు. చింతగింజల పిండితో కాచిన జిగురు అంచును పట్టి ఉంచుతుంది, వెనకవైపు తోలు వార్లతో లాగి కడతారు. తరువాత ఎండబెడతారు.

కిటుకంతా ఆ ఎండలో ఉంది. తోలంటే ప్రధానంగా కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల అల్లిక. తడిసినప్పుడు ఆ పోగుల మధ్యకు నీటి అణువులు చేరతాయి. తోలు ఉబ్బి, మెత్తబడి, లాగితే సాగుతుంది. ఆరేటప్పుడు ముడుచుకోవాలని చూస్తుంది. కాని అంచు వలయానికి అతుక్కుపోయి ఉంది, ముడుచుకునే వీల్లేదు. ముడుచుకోలేని ఆ బలమంతా తోలులోనే బిగువుగా నిలిచిపోతుంది. మృదంగానికి వార్లు బిగిస్తారు, తబలాకు వార్ల కింద కట్టెముక్కలు జరుపుతారు. డప్పుకు జరపడానికి ఏమీ లేదు. దాని శ్రుతి తేమ చేతిలో ఉంది, తేమ మంట చేతిలో ఉంది.

బిగువుకూ ధ్వనికీ మధ్య లెక్క సూటిగానే ఉంటుంది. తోలు బిగువు పెరిగితే కంపనాల వేగం పెరుగుతుంది, బరువు పెరిగితే తగ్గుతుంది, వలయం పెద్దదైనా తగ్గుతుంది. అయితే బిగువు రెండింతలు చేస్తే పౌనఃపున్యం రెండింతలు కాదు. కింది షడ్జమం నుంచి పై షడ్జమానికి వెళ్లాలంటే బిగువు నాలుగింతలు కావాలి. తేమ తగిలిన తోలుకు ఈ లెక్కలో రెండు వైపులా నష్టమే. నీటి వల్ల బిగువు సడలుతుంది, అదే నీటి వల్ల బరువు పెరుగుతుంది. అందుకే శ్రావణంలో ముసురు పట్టిన రోజున డప్పు "బొద్దు బొద్దు" మంటుంది తప్ప మోగదు. ఊరేగింపు రెండు మూడు గంటలు సాగితే దారిలో ఎక్కడో ఒకచోట ఆగి మళ్ళీ మంట వేసుకోక తప్పదు. పెళ్ళివారికి అది ఆలస్యంలా కనిపిస్తుంది. "ఇంకెంతసేపు కాస్తరు?" అని విసుక్కునే బాబాయి ప్రతి పెళ్ళిలోనూ ఒకాయన ఉంటాడు.

కాచడంలోనే పనితనం తెలుస్తుంది. తడిగా ఉన్న పచ్చితోలు సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటితే కొల్లాజెన్ పోగులు చుట్టుకుపోయి, తోలు ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. ఆ ముడత మళ్ళీ విప్పుకోదు. ఎండిన తోలు మాత్రం అంతకన్నా ఎంతో ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది. కాబట్టి చెమ్మ ఎక్కిన డప్పును నేరుగా మంటకు ఆనిస్తే చిట్లుతుంది. చేయి తిరిగినవాళ్లు మొదట ఎడంగా పట్టి చెమ్మ ఆరనిచ్చి, తరువాతే దగ్గరకు తెస్తారు. ఒకేచోట ఆపరు. ఆపితే అక్కడి తోలు ఎక్కువ బిగుసుకుని, పక్కది వదులుగా ఉండి, డప్పు రెండు గొంతులతో పలుకుతుంది. బొగ్గుల సెగ కన్నా గడ్డిమంటే వాళ్లకు నచ్చడానికి కారణం కూడా ఉంది: అది ఉన్నట్టుండి లేచి, అంతే త్వరగా చల్లారుతుంది. వేడిని మనిషి అదుపులో పెట్టుకోవచ్చు. వేలితో తట్టి చూడటం థర్మామీటర్ పని, తేమను కొలిచే యంత్రం పని, శ్రుతిపెట్టె పని మూడూ చేస్తుంది. అనుభవం లేని కుర్రాడు తొందరపడి దెబ్బ వేయబోతే పెద్దాయన "ఇంకా కాగలేదురా" అంటాడు. ఆయన విన్నది ధ్వని ఎత్తును ఒక్కటే కాదు, దెబ్బ పడ్డాక అది ఎంతసేపు నిలిచిందో కూడా. చెమ్మ ఉన్న తోలు శక్తిని లోపలే తినేస్తుంది. కాగిన తోలు దాన్ని గాలికి అప్పజెబుతుంది.

ఇక దెబ్బ. బిగించిన పొర ఒకే తీరుగా కంపించదు. మొత్తం తోలు ఒక్కటిగా పైకీ కిందికీ ఊగడం మొదటి తీరు. సగం పైకి లేస్తే సగం కిందికి పోవడం రెండో తీరు, దాని పౌనఃపున్యం మొదటిదానికి 1.59 రెట్లు. ఆపైవి 2.14, 2.30 రెట్లు. ఇంగ్లండుకు చెందిన లార్డ్ రేలీ 1877లో వెలువడిన తన ధ్వనిశాస్త్ర గ్రంథంలో ఈ లెక్కలన్నీ వివరించాడు. తీగలో అయితే ఇవి 2, 3, 4 రెట్లుగా శుభ్రంగా వస్తాయి, అందుకే తీగ స్వరం పలుకుతుంది. తోలులో ఇట్లా తేడాగా రావడం వల్ల స్వరం కుదరదు. మృదంగం, తబలా తయారుచేసినవాళ్లు తోలు మధ్యన నల్లటి ముద్ద పూసి ఈ చిక్కును తప్పించారు. సి.వి. రామన్ కలకత్తాలో ఉన్నప్పుడు శివకాళి కుమార్‌తో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో ఈ విషయం రాశాడు. 1934లో మరింత వివరంగా, తొమ్మిది రకాల కంపనాలు గుంపులుగా కలిసి ఐదు స్వరాంశాలుగా ఎట్లా సర్దుకుంటాయో చూపించాడు. గొప్ప పరిశోధన, సందేహం లేదు. కాని దాని తరువాత మన పుస్తకాల్లో భారతీయ చర్మవాద్యం అంటే మృదంగమూ తబలాయే అయి కూర్చున్నాయి. నల్లముద్ద లేనివన్నీ మోటు వాద్యాలన్న భావన నిలిచిపోయింది.

డప్పుకు స్వరం అక్కర్లేదు. దానికి కావలసింది పదును. వందమంది మాట్లాడుకుంటున్న చోట, ట్రాక్టర్ పోతున్న రోడ్డు మీద, దరువులోని ప్రతి దెబ్బా విడివిడిగా వినిపించాలి. స్వరం నిలిచే కొద్దీ దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ పూడిపోతుంది. ఈ దృష్టితో చూస్తే పొంతన లేని ఆ 1.59, 2.14 లోపాలు కావు. వాటివల్లే దెబ్బ చెవిలో ఒక స్వరంగా కాకుండా ఒక తాకిడిగా పడుతుంది.

పుల్లలు రెండు. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండేది సిర్ర. ఎడమచేతిలో సన్నగా, పొడుగ్గా ఉండేది సిటికెన పుల్ల. డప్పు ఎడమ భుజం మీంచి వేలాడుతుంది, ఎడమచేయి వలయాన్ని పట్టుకుని ఉంటూనే సిటికెన పుల్లను ఆడిస్తుంది. బరువైన సిర్ర తోలును తాకి వెనక్కి రావడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాస్త సమయంలో వేగవంతమైన కంపనాలు అణిగిపోతాయి, పెద్ద ఊపులు మిగులుతాయి. తేలికైన సిటికెన పుల్ల అంటీ అంటకుండా లేచిపోతుంది, సన్నని పైకంపనాలన్నీ బతికిపోతాయి. చోటు కూడా ముఖ్యమే. నడిమధ్య కొడితే తోలు మొత్తంగా ఊగే తీరులే లేస్తాయి. అంచుకు జరిగే కొద్దీ సగాలుగా, పావులుగా ఊగే తీరులు కలుస్తాయి. రెండు పుల్లలు, రెండు మూడు చోట్లు, చేతి బరువులో తేడాలు: ఇంతే సరంజామాతో ఒక్క డప్పు మీద నాలుగైదు గొంతులు వినిపిస్తాయి. అదీ నడుస్తూ, ఆడుతూ, ఒక్కోసారి మోకాళ్ల మీద కూర్చుని వెనక్కి వాలి.

తోలులో దెబ్బ పడగానే కథ అయిపోలేదు. తోలు ఊగినంత మాత్రాన మనకు వినిపించదు, గాలి ఊగాలి. గాలికి బరువుంది. ఘనమీటరుకు దాదాపు 1.2 కిలోలు. 40 సెంటీమీటర్ల తోలు ముందుకు వెనక్కు కదిలినప్పుడు దాని రెండు ముఖాలకూ ఆనుకుని ఉన్న గాలి కూడా కలిసి కదలక తప్పదు. ఆ వెడల్పున్న మేకతోలు 75 గ్రాములుందనుకుని ఉజ్జాయింపుగా లెక్కవేస్తే, మొదటి తీరులో దానితోపాటు ఊగే గాలి ఇరవై గ్రాముల దాకా తేలుతుంది. అంటే దెబ్బ వేసినవాడు తోలును ఒక్కదాన్నే ఊపడం లేదు, దాని బరువులో నాలుగో వంతు గాలిని కూడా మోస్తున్నాడు. ఆ భారం మొదటి కంపనాన్నే ఎక్కువగా కిందికి లాగుతుంది, పైవాటి మీద దాని ప్రభావం తక్కువ. కాగితం మీద వేసిన 1.59 లెక్క నిజం డప్పులో సరిగ్గా కుదరకపోవడానికి ఇదొక కారణం.

ఇంకో విచిత్రం వెనక పక్క ఖాళీగా ఉండటంలో ఉంది. తోలు ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, సరిగ్గా అదే క్షణాన వెనకున్న గాలి పలచబడుతుంది. విసనకర్ర ఊపినప్పుడు గాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కి జారిపోయినట్టే, ఇక్కడా ముందు ఒత్తిడి అంచు దాటి వెనక్కి జారి, ఆ లోటును పూడ్చేస్తుంది. 100 హెర్ట్జ్ ధ్వనికి గాలిలో తరంగదైర్ఘ్యం దాదాపు మూడున్నర మీటర్లు. దాని ముందు డప్పు చాలా చిన్నది, కాబట్టి బరువైన కింది ధ్వనులకు ఈ చుట్టుదారి సులువుగా దొరుకుతుంది. ముందూ వెనకా ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పైధ్వనుల తరంగదైర్ఘ్యం చిన్నది, వాటికి చుట్టు తిరిగే తీరిక ఉండదు. ఫలితంగా కింది గుమ్ము తగ్గి, పైన ఉన్న పదును మిగులుతుంది. డప్పు గొంతులోని ఆ చురుకు తోలువల్ల ఎంత వచ్చిందో, వెనక ఖాళీవల్ల అంత వచ్చింది.

ఇది నమ్మకం మీద ఒప్పుకోవలసిన మాట కాదు. ఎవరైనా డప్పు వాయిస్తుంటే నాలుగు మీటర్ల దూరంలో నిలబడి, ఆయన చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరగండి. తోలు ముఖానికి ఎదురుగా ఉన్నప్పుడు నిండుగా వినిపిస్తుంది. వలయం అంచు మీవైపు తిరిగిన చోట కింది ధ్వని ఒక్కసారిగా పలచబడుతుంది, పుల్లల చప్పుడే మిగులుతుంది. వెనక్కి వస్తే మళ్ళీ నిండు. వాయించేవాళ్లకు ఇది బాగా తెలుసు, ఎవరికి వినిపించాలో వాళ్లవైపు తోలు ముఖాన్ని తిప్పి పెడతారు.

ఇదే ప్రాంతంలో దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి కూడా ఉంది: ఒగ్గుడోలు. వర్ధన్నపేట దారిలో ఐనవోలు మల్లన్న జాతర సంక్రాంతికి జరుగుతుంది. అక్కడ ఒగ్గు పూజారులు పట్నాలు వేసి, మల్లన్న కథ చెబుతూ డోలు వాయిస్తారు. ఒక చేతిలో పుల్ల, రెండో చేయి ఉత్తది. డోలుకు రెండు ముఖాలూ మూసే ఉంటాయి, లోపల గాలి బందీ. ఒక ముఖాన్ని కొడితే లోపలి గాలి ఆ తాకిడిని రెండో ముఖానికి చేరవేస్తుంది, చెయ్యి వేయకుండానే అది ఊగుతుంది. ఇట్లా ముడిపడ్డ రెండు తోళ్లకు రెండు రకాల ఊపులుంటాయి. రెండూ ఒకే దిక్కుకు కదలడం ఒకటి. రెండూ ఒకేసారి బయటికి ఉబ్బి, ఒకేసారి లోపలికి పోవడం ఇంకొకటి. రెండోదాంట్లో లోపలి గాలి నొక్కుకుని స్ప్రింగులా ఎదురు తిరుగుతుంది కాబట్టి దాని పౌనఃపున్యం ఎక్కువ. అసలు బలం కూడా దానిదే. రెండు ముఖాలూ ఒకేసారి బయటి గాలిని నెడుతున్నప్పుడు ముందు వెనకలు చంపుకునే సమస్యే లేదు, గుమ్ము నలుదిక్కులా పోతుంది. ఇవాళ ఊరేగింపుల్లో డప్పును వెనక్కి నెట్టేసిన డీజే బాక్సులు వెనక పక్క మూసి ఉండేదీ ఈ కారణానికే. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్యకు 2014కు గాను సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది, ఆయన 2017లో కన్నుమూశాడు. ఆయన కథ విన్నవాళ్లకు గొంతుతోపాటు వెనక మోగిన డోలు కూడా గుర్తుంటుంది. డోలు గుమ్ము కథకుడి మాటను మింగకుండా కింద పరుచుకుంటుంది. డప్పు అట్లా కింద ఉండదు, మాట ఆగాకే మోగుతుంది, లేదా మాటనే ఆపేస్తుంది.

చాటింపులో జరిగేది సరిగ్గా అదే. ముందు దరువు, ఊరు చెవి ఒగ్గాక మాట. మైకులు రాకముందు డప్పు ఒక ఊరికి ఉన్న ఏకైక ప్రసార సాధనం. గాలిలో ఆ ధ్వని ఎంత దూరం పోయేదన్నది రోజును బట్టి, పూటను బట్టి మారేది. మధ్యాహ్నం ఎండకు నేల వేడెక్కి, దాని దగ్గరి గాలి పైగాలి కన్నా వేడిగా ఉంటుంది. వేడిగాలిలో ధ్వని వేగం ఎక్కువ: సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, ప్రతి డిగ్రీకీ సుమారు 0.6 మీటరు చొప్పున పెరుగుతుంది. మన మే నెల 40 డిగ్రీల ఎండలో 355 దాకా పోతుంది. కింది అంచు ముందుకు దూకి, పై అంచు వెనకబడటంతో ధ్వని తరంగం మెల్లగా ఆకాశంవైపు వంగిపోతుంది. కొంత దూరం దాటాక నేల మీద ఉన్న మనిషికి ధ్వని అందదు, అది తల మీంచి వెళ్లిపోతుంది. చలికాలపు రాత్రి దీనికి తలకిందులు. నేల చల్లబడి, చల్లని గాలి పొలాల మీద పరుచుకుంటుంది. ధ్వని పైకి పోకుండా మళ్ళీ నేలకే వంగి వస్తుంది. తెల్లవారుజామున రెండు కోసుల అవతలి ఊరి డప్పు మన వాకిట్లో మోగినట్టు అనిపించేది అందుకే. గాలివాటంలోనూ ఇటువంటి వంపే ఉంటుంది. గాలి వీచే దిక్కున ధ్వని కిందికి వంగుతుంది, ఎదురుగాలిలో పైకి. దీన్ని 1870లలో ప్రయోగాలు చేసి వివరించినవాడు మాంచెస్టర్‌లో పనిచేసిన ఆస్‌బర్న్ రేనాల్డ్స్. పైపుల్లో నీటి ప్రవాహం గురించి చదివిన ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థికీ ఆయన పేరు తెలుసు, డప్పు సంగతి మాత్రం అక్కడ రాదు.

దూరం ఇంకో పని కూడా చేస్తుంది. గాలి పైధ్వనులను ఎక్కువగా తినేస్తుంది. 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలిలో 125 హెర్ట్జ్ ధ్వని కిలోమీటరు పోతే గాలి తినేది 0.3 డెసిబెల్ మాత్రమే. 4000 హెర్ట్జ్ ధ్వనికైతే అదే కిలోమీటరులో 23 డెసిబెల్స్ పోతాయి. సిటికెన పుల్ల సన్నని గొంతు ఊరి పొలిమేర దగ్గరే సన్నగిల్లుతుంది, సిర్ర దెబ్బలు మాత్రం మొద్దుబారి చెరువు దాటి వస్తాయి. డప్పులు దగ్గరికొస్తున్నాయా, దూరమవుతున్నాయా అన్నది ధ్వని పెద్దదా చిన్నదా అన్నదానితో కాక, పదును తిరిగి వస్తోందా లేదా అన్నదానితోనే మన చెవి పసిగడుతుంది.

ధ్వనికి వేగం పరిమితం కావడం వల్ల గుంపుగా వాయించేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. 30 మీటర్ల పొడవున బారుగా నడుస్తున్న దళంలో మొదటివాడి దెబ్బ చివరివాడికి చేరేసరికి సెకనులో పదకొండో వంతు గడిచిపోతుంది. సెకనుకు ఎనిమిది దెబ్బలు పడే జోరు దరువులో అది దాదాపు ముప్పావు దెబ్బంత ఆలస్యం. బారు తీరిన దళం ఒకరిని ఒకరు విని వాయిస్తే తాళం చెదరక తప్పదు. అందుకే జోరు పెరిగే చోట అందరూ గుండ్రంగా, దగ్గరగా చేరతారు. దూరంగా ఉన్నవాళ్లు చెవిని పక్కన పెట్టి, ముందున్నవాడి సిర్ర ఎత్తును కంటితో పట్టుకుంటారు. ఈ మాట ఎందుకు చెప్పవలసి వస్తోందంటే, ప్రభుత్వ కార్యక్రమాల్లో వేదిక ముందు యాభైమందిని ఒకే వరుసలో నిలబెట్టి, తాళం కలవలేదని తప్పుపట్టే నిర్వాహకులు ఉంటారు. తప్పు వాయించినవాళ్లది కాదు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రోజూ ఆ పదును పక్కన నిలబడ్డ చెవులు యాభై ఏళ్లకే మొద్దుబారతాయి. వాళ్ల చెవులకు ఏ రక్షణా ఉండదు.

ఈ విద్యకు విలువ ఎంత అన్న ప్రశ్నకు ఓరుగల్లు సీమలో జవాబు చెప్పడం కొంచెం ఇబ్బందే. గణపతిదేవుడి గజసేనాని జాయప 1253–54లో నృత్తరత్నావళి పూర్తిచేశాడు. వాద్యాల మీద ఆయన రాసిన వాద్యరత్నావళి మాత్రం మనదాకా రాలేదు. తొర్రూరు ఉన్న శాసనసభ నియోజకవర్గానికి పేరిచ్చిన పాలకుర్తి, పాల్కురికి సోమన ఊరు. ఆయన పండితారాధ్య చరిత్రలో వాద్యాల పేర్లు, ఆటల పేర్లు కుప్పలుగా దొరుకుతాయి. ఇంత ఉన్నా, తోలు ఊడదీసి, నానబెట్టి, ఎక్కించి, కాచి వాయించే మాదిగవాడలోని తెలివిని ఎవరూ శాస్త్రం అనలేదు. చావుకూ చాటింపుకూ డప్పు కొట్టడం శతాబ్దాలపాటు వెట్టిలో భాగం. పిలిస్తే రావాలి, గింజలు కొలిస్తే తీసుకోవాలి. కాబట్టి "మా పిల్లలు డప్పు పట్టరు" అని ఒక తండ్రి అంటే, సంప్రదాయం అంతరించిపోతోందని గుండెలు బాదుకోవడం నాకు సమ్మతం కాదు. ఆ మాట అనే హక్కు ఆయనకుంది. అదే డప్పు ఇంకో చోట ఇంకో అర్థం తెచ్చుకుంది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలై, ఓరుగల్లు బిడ్డ మంద కృష్ణ నడిపిన మాదిగ దండోరా ఉద్యమానికి డప్పే గుర్తు, డప్పే గొంతు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికలన్నీ దాని మీదే నిలబడ్డాయి. వెట్టిగా కొట్టిన చేతులే హక్కుగా కొట్టినప్పుడు దరువు మారలేదు, డప్పును చూసే చూపు మారింది.

ఇప్పుడు తోలు స్థానంలో ప్లాస్టిక్ పొర వస్తోంది. బజారులో ఫైబర్ డప్పు అంటారు. పాలియెస్టర్ పొర నీటిని పీల్చదు, వానలో కూడా సడలదు. వలయానికి మరలుంటాయి, తిప్పితే బిగుస్తుంది. మంట అక్కర్లేదు, ఆగనక్కర్లేదు, ధర తక్కువ, తోలు పని అన్న చిన్నచూపూ లేదు. కళాకారులు దాని వైపు మొగ్గితే తప్పుపట్టలేం. ధ్వనిలో తేడా మాత్రం ఉంది, అది ఊహ కాదు. ప్లాస్టిక్ పొర తోలు కన్నా పలచన, తేలిక. కాబట్టి గాలి భారం దాని మీద ఇంకా ఎక్కువగా పడుతుంది. పైగా అది తోలులా శక్తిని లోపల తినదు, పైకంపనాలు త్వరగా చావవు. దెబ్బ తరువాత ఒక రేకు మోత మిగిలిపోతుంది. జోరు దరువులో ఆ మోతలు ఒకదాని మీద ఒకటి పడి, దెబ్బల మధ్య ఉండవలసిన ఖాళీని నింపేస్తాయి. దానికి విరుగుడుగా కొందరు పొర వెనక గుడ్డముక్కో టేపో అంటిస్తారు. తోలు తనంతట తాను చేసే పనిని టేపుతో చేయిస్తున్నారన్న మాట.

ఇంటర్మీడియట్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో ధ్వని వేగం కొలవడానికి అనునాద స్తంభం ఉంది. నీటిమట్టాన్ని దించుతూ, శ్రుతిదండాన్ని మోగిస్తూ, గాలి ఎక్కడ పెద్దగా పలుకుతుందో వింటారు. మంచి ప్రయోగమే. దాని పక్కన డప్పుకు ఒక బల్ల వేయడానికి తొర్రూరులో పెద్ద ఖర్చేమీ కాదు. ధ్వనిలోని పౌనఃపున్యాలను విడదీసి చూపే యాప్‌లు ఫోన్‌లో ఉచితంగా దొరుకుతాయి. కాగని డప్పును మధ్యలో ఒక్క దెబ్బ కొట్టి మొదటి శిఖరం ఎక్కడుందో రాసుకోవాలి. మంట చూపించి మళ్ళీ కొట్టాలి. ఆ రెండు అంకెల నిష్పత్తికి వర్గం కడితే, నీటి బరువును పక్కన పెట్టిన లెక్కలో, బిగువు ఎన్ని రెట్లు పెరిగిందో వస్తుంది. ఐదేసి నిమిషాలకు ఒక దెబ్బ కొడుతూ పోతే తోలు ఎంత వేగంగా చెమ్మ తాగుతోందో గ్రాఫు గీయొచ్చు, వానాకాలంలో ఒకటి, వేసవిలో ఒకటి. అంచువైపు తిప్పి కొట్టి ధ్వని ఎంత పడిపోయిందో చూడొచ్చు. పక్కనే ఫైబర్ డప్పు పెట్టి మోత ఎంతసేపు నిలుస్తుందో పోల్చొచ్చు. డప్పు ఎప్పుడు కాగిందో చెప్పడానికి ఊళ్లోని పెద్ద కళాకారుణ్ణి పిలవాలి, యాప్ చూడకముందే ఆయన చెవి ఏం చెబుతోందో మొదటి నిలువు వరుసలో రాసుకోవాలి. ఆ పీరియడ్‌కు గెస్ట్ లెక్చరర్‌కు ఇచ్చే రేటే ఆయనకూ కట్టివ్వాలి.